గడ్డిని చూసి మిషన్

పుంగనూరులో ఒకాయన ఉండేవాడు. గడ్డి కోయడం, లాన్లు చూసుకోవడం అతని పని. మదనపల్లె దాకా పోయి బడుల్లో, ఆస్పత్రుల్లో, కొత్తగా కట్టుకున్న ఇళ్ల ముందు పచ్చిక కోసి వచ్చేవాడు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. బడులు మూతపడ్డాయి, గేటు తీసేవాళ్లు లేకుండా పోయారు. ఉన్న రెండు మిషన్లకూ గోనెసంచులు కప్పి కొట్టంలో పెట్టాడు. ఆ తరువాత బెంగళూరు పోయి, ఒక అపార్ట్‌మెంట్‌లో తోట పనికి కుదిరాడు. కొన్నేళ్లకు చేతిలో కాస్త దుడ్డు చేరింది. ఊరి మీద మనసు లాగింది. తిరిగొచ్చి పాత పనే మళ్లీ పెట్టుకుందామనుకున్నాడు.

ఏ మిషన్ కొనాలన్న దగ్గర ఆగిపోయాడు.

బెంగళూరులో కూర్చుని నడిపే మిషన్ ఉండేది. దాని మీద ఆశ. కుప్పంలో ఉన్న బావమరిదికి ఫోన్ చేస్తే అతనూ అదే మాట అన్నాడు. "అదే తీసుకుందాం బావా. ఎన్నాళ్లని తోసుకుంటా తిరుగుతావు? ముద్ర లోను ఇస్తారు. పెద్ద మిషన్ ఉంటే పెద్ద పనులే వస్తాయి." అంగడాయన ఇంకొకటి చూపించాడు. ఫోన్‌లో వీడియోలు మరోటి చెప్పాయి. ఎవరి మాట విన్నా బాగానే ఉంది.

ఎదురింట్లో ఒక అవ్వ. ఆమెకో పుంగనూరు ఆవు, మూడడుగుల ఎత్తు కూడా లేనిది. 2024 సంక్రాంతికి ప్రధాని తన ఇంట్లో ఈ జాతి ఆవులకు మేత పెట్టిన ఫొటోలను దేశమంతా చూసింది. దాదాపు కనుమరుగైపోయే దశలో ఈ జాతిని నిలబెట్టింది పలమనేరులోని పశు పరిశోధన కేంద్రం. అవ్వకు మాత్రం అది అత్తగారి కాలం నుంచి ఇంట్లో తిరిగే పసరమే.

"ఏందో మిషన్ కొంటా ఉండావంట నాయనా?"

"అవునవ్వా. ఎంత పెద్దదైతే అంత మేలు కదా అని చూస్తా ఉండా."

"మా చిన్నోడూ అట్లే అంటాడు. ఈ పొట్టిదాన్ని ఇచ్చేసి సీమావును తెస్తాడంట. బకెట్ నిండా పాలంట. ఇస్తాది, కాదన్ను. దాని ముందర ఎంత మేపు ఎయ్యాల్నో వాడు లెక్క పెట్టలా. నాకుండేది అరెకరా కయ్యి, అదీ వాన పడితే. ఆ గడ్డికి ఈ ఆవు సరిపోతాది. రేపు నాలుగెకరాలు వస్తే సీమావునే తెచ్చుకుంటా." ఆవు మెడ నిమురుతూ అడిగింది. "ఇంతకీ నువ్వు ఎవురి గడ్డి కోస్తావు?"

అతని దగ్గర జవాబు లేదు. ఏ ఇంజన్ ఎన్ని సీసీలో, ఎంత తాగుతుందో నోటికి చెప్పగలడు. ఎవరి గడ్డో చెప్పలేకపోయాడు.

మర్నాడు టీవీఎస్ ఎక్సెల్ మీద బయలుదేరాడు. వెంట మిషన్ లేదు, ఒక టేపు, ఒక నోటుబుక్కు. మొదట పాత ఖాతాదార్ల ఇళ్లకు పోయాడు. మదనపల్లెలో కొందరు గుర్తుపట్టి కాఫీ ఇచ్చారు. కొందరు లాన్ తీసేసి బండలు పరిచేసుకున్నారు. మిగిలిన వాటిలో చాలావరకు రెండు మూడు సెంట్ల పచ్చిక, గరికో మెక్సికన్ గడ్డో. చాలా ఇళ్లలో లాన్ ఇంటి వెనక ఉంది. అక్కడికి పోయే సందును టేపు పెట్టి కొలిచాడు. మూడడుగులు. బెంగళూరు మిషన్ ఆ సందులో దూరదు. ఆ ఒక్క అంకె కింద గీత గీసుకున్నాడు.

పుంగనూరు చుట్టూ సంగతి వేరు. అక్కడ లాన్లు తక్కువ, మామిడి తోటలు ఎక్కువ. వానలు పడితే చెట్ల కింద వయ్యారిభామ నడుము ఎత్తు లేస్తుంది. పాడి ఉన్న రైతులు నేపియర్ గడ్డి వేసుకున్నారు, కోసే కూలీ దొరకడం లేదు. గడ్డిలో రాళ్లు, సీసా పెంకులు. కుప్పంలో కొత్త లేఅవుట్లు, ఆస్పత్రి, కాలేజీలు, 1997లో పెట్టిన ద్రావిడ విశ్వవిద్యాలయం. విశాలమైన మైదానాలు కనబడ్డ చోటల్లా పుస్తకంలో రాసి, పక్కన "నా పని కాదు" అని పెట్టుకున్నాడు. ఎంత జాగా, ఏ గడ్డి, వానాకాలంలో ఎన్నాళ్లకోసారి, ఎండాకాలంలో ఎన్నాళ్లకోసారి, దుడ్లు ఎవరిస్తారు, ఎప్పుడిస్తారు అన్నవి అడిగి రాసుకున్నాడు.

పుస్తకం నిండాక కొట్టంలో గోనెసంచి తీశాడు. తోసే మిషన్‌ను మదనపల్లెలో ఒక మెకానిక్ దగ్గరికి మోసుకుపోయాడు. కార్బురేటర్ విప్పితే పాత పెట్రోలు జిగురై అడుగున పట్టేసి ఉంది. జెట్‌లోంచి వెలుతురు కనబడటం లేదు. రబ్బరు ట్యూబు వేళ్ల మధ్య పొడిపొడిగా రాలింది. కడిగి, జెట్ ఊది, ట్యూబూ ప్లగ్గూ మార్చాడు మెకానిక్. తరువాత బ్లేడు. ఆకురాయితో రెండు అంచులూ తీశాక, నడిమి రంధ్రాన్ని గోడకున్న మేకుకు తగిలించి వదిలాడు. కుడివైపు కిందికి వాలింది. వాలిన వైపు ఇంకొంచెం అరగదీసి మళ్లీ తగిలించాడు. ఈసారి త్రాసు కాడలా అడ్డంగా నిలిచింది. "ఇట్లా వాలిన బ్లేడుతో తిప్పితే మిషన్ అదిరి బేరింగులు పోతాయి, నీ చేతులు తిమ్మిర్లెక్కుతాయి" అన్నాడు. తాడు లాగితే మూడోసారికి అందుకుంది. కొత్త మిషన్ ధరలో పదో వంతు కూడా ఖర్చు కాలేదు. రెండో మిషన్, పాత టూ స్ట్రోక్ బ్రష్ కట్టర్, బాగయ్యేది కాదని మెకానిక్ తేల్చేశాడు. దాన్ని విడిభాగాలకు ఇచ్చేశాడు.

మదనపల్లె ఇళ్లకు తోసే మిషన్ సరిపోయింది. తోటలకూ నేపియర్‌కూ ఒక 35 సీసీ ఫోర్ స్ట్రోక్ బ్రష్ కట్టర్ కొన్నాడు. బండి మీద కట్టుకుపోవచ్చు. పెట్రోలులో ఆయిల్ కొలిచి కలపక్కర్లేదు, ఆయిల్ వేరుగా పోస్తే చాలు. ముఖ్యంగా దాని సామాను మదనపల్లెలోనే దొరుకుతుందని ముందే రెండంగళ్లలో అడిగి తెలుసుకున్నాడు. నైలాన్ తీగ లాన్ అంచులకు, మూడు పళ్ల బ్లేడు తోట కలుపుకు, వృత్తాకారపు పళ్ల బ్లేడు నేపియర్‌కు. పశువులు తినే గడ్డి మీద నైలాన్ తీగ వాడకూడదని గట్టిగా పెట్టుకున్నాడు. తీగ తునకలు మేతలో కలిసి పసరం కడుపులోకి పోతాయి. లాన్లలో తోసే మిషన్‌తో కోసిన గరిక అప్పటికప్పుడే అవ్వ ఆవుకు తెచ్చేవాడు, మందు కొట్టని లాన్‌దైతేనే.

బావమరిది ఊరుకోలేదు. అప్పు చేసి కూర్చుని నడిపే మిషన్ తెచ్చాడు. వానాకాలంలో ఒక క్యాంపస్ పని దొరికింది, నలుగురు మనుషుల పని ఒక్కడే చేశాడు. నడుమ బెల్టు తెగింది. బెల్టు బెంగళూరు నుంచి రావాలి. అది వచ్చేలోపు గడ్డి మోకాలెత్తు పెరిగింది, క్యాంపస్ వాళ్లు కూలీలను పెట్టుకున్నారు. మార్చి నుంచి గడ్డే లేదు, వాయిదా మాత్రం నెలనెలా ఉంది.

అమ్మేస్తానని వచ్చినప్పుడు ఇతను నోటుబుక్కు ముందుంచాడు. "అమ్మొద్దు. ఇదిగో, నా పని కాదని రాసుకున్నవి. ఇవన్నీ నీ మిషన్ పనులే. ముందు రెండు బెల్టులు కొని ఇంట్లో పెట్టుకో. తరువాత వీళ్లతో ఏడాది మొత్తానికి మాట్లాడుకో, ఎండాకాలంలో నీళ్లు పెట్టడం, ఎరువు వెయ్యడం కూడా కలిపి." మరుసటి జూన్‌లో బావమరిది మిషన్ మళ్లీ బయటికొచ్చింది.

నీతి: గడ్డిని చూసి మిషన్ కొనాలి, మిషన్ కొన్నాక గడ్డిని వెతుక్కోకూడదు.

ఈ కథలో చిన్న మిషన్ గెలిచిందని, పెద్దది ఓడిందని ఎవరైనా అనుకుంటే నాకు ఒప్పుదల లేదు. అవ్వ చిన్న ఆవును పొగడలేదు, తన మేపు లెక్క చెప్పింది. అయిదెకరాల మైదానాన్ని తోసే మిషన్‌తో కోస్తానని ఒప్పుకున్నవాడు కూడా నష్టపోతాడు. ఒకసారి పని ఆపి మళ్లీ మొదలుపెట్టేవాడికి ఈ లెక్క మరీ అవసరం. పాత రోజుల్లో ఉన్న పని ఇప్పుడూ ఉందని నమ్ముతాడు, చేతిలో దుడ్లుంటాయి, పోయిన కాలాన్ని ఒక్క కొనుగోలుతో పూడ్చేద్దామన్న తొందర ఉంటుంది. వ్యాపారానికీ ఊరికీ దూరంగా ఉన్న ఈ కొన్నేళ్లలో ఇళ్లు మారాయి. పెట్రోలు కూడా మారింది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది తేమను పీలుస్తుంది, పాత మిషన్ల రబ్బరును తింటుంది. సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది అయిపోయేదాకా ఇంజన్ నడిపి ఆపితే పైసా ఖర్చు లేకుండా మిషన్ నిలుస్తుంది. అనుమానంగా ఉన్న మిషన్‌ను వారం బాడుగకు తెచ్చి, మన గడ్డి మీదే తిప్పి చూడవచ్చు. ఆ వారం బాడుగ తప్పుడు కొనుగోలు కంటే ఎప్పుడూ చౌకే.

ఇంకొక్క మాట. పుంగనూరాయన బ్రష్ కట్టర్ కొన్న రోజే కళ్లద్దాలు, చెవులకు మఫ్లు, మోకాలి దాకా గార్డులు, బూట్లు కొన్నాడు. రోడ్ల పక్కన హవాయి చెప్పులతో, వట్టి కాళ్లతో బ్రష్ కట్టర్ తిప్పే కుర్రాళ్లను చూసినప్పుడల్లా నాకు గుండె ఝల్లుమంటుంది. బ్లేడు తగిలిన రాయి ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు. మీరు ఈ పని పెట్టుకునేవాళ్లయితే, మీ దగ్గర పనిచేసే పిల్లవాడికి కూడా ఇవన్నీ కొనివ్వండి. మిషన్ బేరంలో ఎంత తగ్గించుకున్నా సరే, ఆ డబ్బు మాత్రం మిగుల్చుకోకండి.