దత్తతకై కనిపెట్టుచున్న ప్రాణి

ధ్యాన భాగము: రోమా 8:15–23

పుదుచ్చేరి పట్టణము తెలుగువారికి పూర్తిగా పరాయిది కాదు. గోదావరి పాయ ఒడ్డున నున్న మన యానాము ఆ కేంద్రపాలిత ప్రాంతములోనిదే. సముద్రపు ఒడ్డున విశాలమైన బాట, గాంధీ మహాత్ముని విగ్రహము, కాలువకు ఈవల ఫ్రెంచివారు కట్టిన పాత ఇండ్లు, ఆవల తమిళుల పేటలు, జనముతో క్రిక్కిరిసిన అంగడి — వీటిని చూచుటకు ఏటేట అనేకులు పోవుచుందురు. అయితే చూడవచ్చినవారి కన్నులకు ఆనని జీవులు ఆ వీధులలో కొన్ని యున్నవి. అవి వీధికుక్కలు.

2024 నవంబరు 30వ తేదీని ఫెంగల్ తుపాను ఆ పట్టణ సమీపమున తీరము దాటెను. ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించిన వర్షము కురిసి వీధులు చెరువులాయెను. అట్టి వానకాలమున ఏ అరుగు క్రిందనో పుట్టిన ఒక కుక్కపిల్లను మన మనస్సునకు తెచ్చుకొందము. దాని తల్లి బండి క్రింద పడి చచ్చినది. దాని కాలునకును దెబ్బ తగిలినది. దయగలవారెవరో దానిని గోనెపట్టాలో చుట్టి జంతువుల ఆశ్రయమునకు చేర్చిరి. గాయము మానినది గాని నడకలో కొంచెము కుంటు మిగిలినది. టీకాలు వేసిరి, పూటపూటకు అన్నము పెట్టుచున్నారు. ఇప్పుడు దానికి ఎనిమిది మాసములు. దానికి కొదువగా నున్నది ఒక్కటే: ‘ఇది మాది’ అని చెప్పు మనుష్యుడు దానికి లేడు.

గడియ చప్పుడైనప్పుడెల్ల అది లేచి వచ్చును. ఊచల నడుమ నుండి మెడ చాచి చూచును. వచ్చినవారు దానివైపు ఒక్క క్షణము చూచి, ‘నాటు కుక్కయేనా?’ అని అడిగి, తెల్లని బొచ్చుగల జాతి కుక్కపిల్ల యున్న ప్రక్క గూటియొద్దకు సాగిపోవుదురు. రెండు మాసముల పిల్లగా నున్నప్పుడు ముద్దుగా నుండెనని ఎత్తుకొన్న చేతులు, అది పెరిగిన తరువాత దానికొరకు చాపబడవు. అయినను మరునాడు గడియ చప్పుడైనప్పుడు అది మరల లేచి వచ్చును.

ప్రియ చదువరీ, అపొస్తలుడైన పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక ఎనిమిదవ అధ్యాయములో సృష్టి యొక్క స్థితిని వర్ణించుటకు ఒక అరుదైన గ్రీకు మాటను వాడియున్నాడు. ‘అపొకరడోకియా’ అనునదే ఆ మాట. అందులో ‘తల’ అను అర్థముగల పదమొకటి ఇమిడియున్నది. తల ముందునకు చాచి, మరి దేనివైపునకును దృష్టి మరల్చక, రావలసినవాని కొరకు చూచుట అని దాని భావము. మన తెలుగు బైబిలు అనువాదకులు ‘మిగుల ఆశ’ అను భావముతో దానిని అందించిరి. అది సరియైన అనువాదమే. అయితే ఆ మాటలోని మెడ మనకు కనబడవలెనన్న యెడల, ఆశ్రయములో ఊచల నడుమ నుండి చాపబడిన ఆ చిన్న మెడను చూచిన చాలును.

ఇంకొక సంగతి గమనింపుడి. సృష్టి మూల్గుచు కనిపెట్టుచున్నదని చెప్పిన పౌలు, అదే ఊపిరితో మనమును మూల్గుచు కనిపెట్టుచున్నామని చెప్పుచున్నాడు. దేనికొరకు? దత్తపుత్రత్వము కొరకు. కుక్క వేరు, కుమారుడు వేరు. ఆ రెంటిని ఒకటి చేయుట లేఖనమునకు న్యాయము చేయుట కాదు. అయినను సృష్టి నిరీక్షణను, దేవుని పిల్లల నిరీక్షణను పక్కపక్కన నిలువబెట్టినవాడు పౌలే. గనుక ఊచల వెనుకనున్న ఆ ప్రాణిని చూచి, ‘నేను ఇవతలివాడను, ఎన్నుకొనువాడను’ అని అతిశయించుటకు మనకు తావు లేదు.

బైబిలులో కుక్క అను మాట సాధారణముగా తిరస్కారమును సూచించును. వీధులలో తిరుగుచు దొరికినది తిను జంతువుగానే అది అందు కనబడును. తన్నుతాను మిక్కిలి తగ్గించుకొన గోరినవాడు తన్ను కుక్కతో పోల్చుకొనును. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు అట్లే చేసెను (2 సమూ. 9:8). అతడు రెండు కాళ్లు కుంటివాడు, పడిపోయిన రాజకుటుంబమువాడు, లోదెబారులో ఒకని యింట తలదాచుకొన్నవాడు. దావీదు పిలిపించినప్పుడు అతడు సాగిలపడి తన్ను చచ్చిన కుక్కతో పోల్చుకొనెను. దావీదు ఆ మాటకు వాదన చెప్పలేదు. ‘నీవు అట్టివాడవు కావు, నీలో ఇంత యోగ్యత యున్నది’ అని ఓదార్చలేదు. అతని తండ్రితో తాను చేసికొన్న నిబంధనను తలంచి, రాజకుమారులలో ఒకనివలె తన బల్లయొద్ద కూర్చుండబెట్టుకొనెను. ఆ అధ్యాయపు చివరి మాట గమనింపదగినది: బల్లయొద్దకు వచ్చిన తరువాతను అతడు కుంటివాడే. కుంటు మానిన పిమ్మట బల్ల దొరకలేదు, కుంటుతోనే దొరికెను.

‘దత్తపుత్రత్వము’ అని మనము చదువు మాటకు గ్రీకు మూలము ‘హుయియొథెసియా’. కుమారుని స్థానమున ఉంచుట అని దాని అర్థము. క్రొత్త నిబంధనలో ఈ మాటను వాడినవాడు పౌలు ఒక్కడే. అదియు ఐదు చోట్ల మాత్రమే. రోమా ప్రభుత్వము క్రింద నివసించిన అతని చదువరులకు దత్తత సుపరిచితమైన ఆచారము. అగస్టు కైసరు తన వారసులుగా ఎంచుకొన్న ఇద్దరు మనుమలను కోల్పోయి, క్రీ.శ. 4వ సంవత్సరమున తిబెరియను దత్తత చేసికొనెను. అప్పటికి తిబెరి నలుబది దాటిన సేనాధిపతి. రోమా పెద్దల దత్తత సాధారణముగా ఇట్టిదే: ఇంటిపేరు నిలుపుటకు, ఆస్తిని కాపాడుటకు సమర్థుని ఏరుకొనుట. అక్కడ అక్కర దత్తత తీసికొనువానిది.

దేవుని దత్తత అట్టిది కాదు. ఆయనకు ప్రియకుమారుడు కలడు. వారసుని కొదువ లేదు. అయినను ఆ కుమారుని పంపి, ధర్మశాస్త్రమునకు లోబడియున్నవారిని విమోచించి, తన పిల్లలనుగా చేసికొనెనని గలతీయులకు వ్రాసిన పత్రిక చెప్పుచున్నది (4:4, 5). ఏరుకొనుటకు వచ్చినవాడు వెల అడుగును. దేవుడు వెల చెల్లించుటకు వచ్చెను. కల్వరి అనగా ఆయన మన గడియ తీయుటకు చెల్లించిన వెల.

‘అట్లయితే ఇంకను కనిపెట్టుట ఎందుకు? దత్తపుత్రాత్మను పొందితిమని 15వ వచనము చెప్పుచుండగా, దత్తపుత్రత్వము కొరకు కనిపెట్టుచున్నామని 23వ వచనము చెప్పుటేల?’ అని ఎవరైనను అడుగవచ్చును. ఇందుకు పుదుచ్చేరి చరిత్రయే ఒక ఉపమానమును ఇచ్చుచున్నది. 1954 నవంబరు 1న ఆ పట్టణ పరిపాలన ఫ్రెంచివారి చేతులనుండి భారతదేశమునకు వచ్చెను. అయితే చట్టరీత్యా అప్పగింత 1962 ఆగస్టు 16న గాని పూర్తి కాలేదు. ఆ నడుమ దాదాపు ఎనిమిది సంవత్సరములు గడిచెను. 1956లో సంధిపై సంతకములు జరిగినను ఆమోదము ఆలస్యమాయెను. ఆ సంవత్సరములలో పరిపాలించినది భారతదేశమే. కాని ముగింపు పత్రము ఇంకను రావలసియుండెను. నేటికిని ఆ పట్టణమువారు ఆ రెండు దినములను జ్ఞాపకము చేసికొందురు. విశ్వాసి జీవితమును అట్టిదే. యజమాని మారెను, ‘అబ్బా తండ్రీ’ అని పిలుచు ఆత్మ వచ్చెను. దేహవిమోచనమను చివరి దినము ఇంకను రావలసియున్నది. గనుక కనిపెట్టుట విడువబడినవాని గురుతు కాదు. పేరు పొందినవాని గురుతు.

ఈ ధ్యానము ఆశ్రయపు గడియయొద్ద మనలను ఒక ప్రశ్న అడుగక మానదు. ఎవరును తీసికొనిపోని ప్రాణి సంగతి ఏమి? దానికి తేలికయైన జవాబు లేదు. మెడ చాచి చూచు ప్రతి ప్రాణికిని ఇల్లు దొరకుట లేదు. మనుష్యుల బిడ్డలలోనే చూడుడి: పసికందును కోరువారు అనేకులు, ఎదిగిన పిల్లలును, అంగవైకల్యము గల పిల్లలును ఎక్కువకాలము కనిపెట్టవలసి వచ్చుచున్నది. కుక్కపిల్లను దాటిపోవు కన్నును, ఆ బిడ్డను దాటిపోవు కన్నును ఒకటే. మనలను ఆ కంటితో చూడని దేవుడు, మనలోనుండి ఆ కన్ను తీసివేయ గోరుచున్నాడు.

‘మనుష్యులు బాధపడుచుండగా కుక్కను గూర్చిన మాట ఎందుకు?’ అని కొందరందురు. కుక్క కరచిన బిడ్డ తల్లి ఆ మాట అనిన యెడల వినయముతో వినవలసినదే. రేబీసు లక్షణములు కనబడిన తరువాత బ్రదుకుట దాదాపు అసాధ్యము. గనుక కాటును సబ్బునీళ్లతో 15 నిమిషములు కడిగి వెంటనే వైద్యునియొద్దకు పోవుటయు, కుక్కలకు టీకాయు సంతాననిరోధ చికిత్సయు చేయించుటయు దయకు విరోధములు కావు. అవి దయలోని భాగములే. నీనెవెను గూర్చి దేవుడు యోనాతో పలికినప్పుడు, కుడి యెడమలు ఎరుగని జనములతో పాటు పశువులనుకూడ లెక్కించెను (యోనా 4:11). 1824లో లండను నగరమున జంతు హింసా నివారణ సంఘమును స్థాపించుటకు పూనుకొన్నవాడు ఆర్థర్ బ్రూమ్ అను సంఘకాపరి. దానిలో చేరినవారిలో బానిస వ్యాపారముపై పోరాడిన విల్బర్‌ఫోర్స్ ఒకడు. ఆ సంఘపు అప్పుల నిమిత్తము బ్రూమ్ 1826లో చెరసాలకు పోయెను. మూగజీవునిపై దయ మనుష్యునిపై దయను తగ్గించునని ఆ దినములవారు ఎంచలేదు.

2025 ఆగస్టు 22న మన దేశపు సుప్రీంకోర్టు వీధికుక్కలను గూర్చి ఒక ఉత్తరువు నిచ్చెను. అందులో దత్తత మాటయు కలదు: కుక్కను దత్తత తీసికొనగోరువారు మునిసిపల్ కార్యాలయమునకు దరఖాస్తు చేసికొనవచ్చును, అయితే తీసికొనిన కుక్క మరల వీధికి పోకుండ చూచుట వారి బాధ్యత. ఈ షరతును తొందరపడు ప్రతివాడును వినవలెను. పండుగకు ముద్దుగా తెచ్చి, వేసవికి విసిగి విడుచుట దత్తత కాదు. దత్తత అనగా జబ్బునాడును, ముసలితనమునను, ఖర్చు పెరిగిననాడును ‘ఇది మాది’ అనుట. శక్తి లేనివాడు తెచ్చుకొనకుండుటయే మేలు. అతడు గిన్నెడు నీళ్లు పెట్టవచ్చును, ఆశ్రయమునకు కానుక నీయవచ్చును.

తనయొద్దకు వచ్చినవానిని త్రోసివేయనని ప్రభువు చెప్పెను (యోహాను 6:37). ఆయన మనలను తెచ్చుకొని మరల వీధికి పంపడు. ఆ నిశ్చయతగలవాడు సాయంకాలము ఇల్లు చేరునప్పుడు, వాకిట మెడ చాచి చూచుచున్నవారెవరో తలయెత్తి చూచును. అది అనాథ బిడ్డ కావచ్చును, ఎవరును పలుకరింపని ముదుసలి కావచ్చును, కుంటుచు వచ్చిన నాటు కుక్క కావచ్చును.

ప్రార్థన: తండ్రీ, మా యోగ్యతను చూడక మమ్మును నీ బల్లయొద్దకు పిలిచితివి. మా కుంటుతోనే మమ్మును కూర్చుండబెట్టితివి. ఎన్నుకొనుటకు మాత్రమే చూచు మా కన్నులను మార్చుము. మా వాకిట కనిపెట్టుచున్నవారిని దాటిపోనియ్యకుము. సృష్టియంతయు విడుదల పొందు దినము వరకు మాకు ఓర్పు దయచేయుము. యేసు నామమున వేడుచున్నాము. ఆమేన్.