నొప్పి తగ్గాకే సహస్రనామం

భీష్ముడి అంపశయ్య కథ తెలియని తెలుగిల్లు ఉండదు. అయితే ఆ శయ్య చుట్టూ జరిగిన మూడు చిన్న సంగతుల్ని పురాణ కాలక్షేపాల్లో చాలాసార్లు దాటేస్తుంటారు.

పదోరోజు యుద్ధంలో తాత కూలగానే దుర్యోధనుడు వైద్యుల్ని పిలిపించాడు. ఒంట్లో దిగిన బాణాలు పెరకడంలో ఆరితేరినవాళ్లు. పనిముట్లతో సహా వచ్చారు. భీష్ముడు వాళ్లను కసురుకోలేదు. ధనమిచ్చి మర్యాదగా పంపించెయ్యమన్నాడు. ఏ వైద్యం తనకు వద్దో తన నోటితోనే చెప్పాడు.

రెండోది తలగడ. తల వేలాడుతోందనగానే రాజులు మెత్తటి దిండ్లు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. ఆయన వాటిని కాదని అర్జునుడి వైపు చూశాడు. అర్జునుడు కన్నీళ్లు కారుతుండగానే మూడు బాణాలు వేసి తల నిలబెట్టాడు. దిండ్లు తెచ్చినవాళ్లది ప్రేమ కాదనలేం. కానీ ఏం కావాలని పెద్దాయన్ని అడిగింది అర్జునుడొక్కడే.

మూడోది శాంతిపర్వంలో ఉంది. ధర్మరాజుకు ధర్మాలు బోధించమని కృష్ణుడు అడిగితే భీష్ముడు తన వల్ల కాదన్నాడు. ఒళ్లంతా మంట, మనసు నిలవడం లేదు, మాట తడబడుతోంది, ఏం చెప్పగలను అన్నాడు. కృష్ణుడు ఓర్చుకోమనలేదు. మంట, మూర్ఛ, ఆకలిదప్పులు నిన్ను బాధించవు, బుద్ధి తేటగా ఉంటుంది అని వరమిచ్చాడు. రాజధర్మాలు, మోక్షధర్మాలు, ఆనుశాసనిక పర్వంలోని విష్ణు సహస్రనామం అన్నీ ఆ తర్వాతివే. భీష్మ ఏకాదశి నాడు మనం పారాయణ చేసే ఆ వెయ్యి నామాలు నొప్పి తీరిన నోటి నుంచి వచ్చాయి. అంతమాత్రాన కృష్ణుడు ఆయన చావును ఆపలేదు, ముందుకూ జరపలేదు. యాభై ఎనిమిది రాత్రులు గడిచి ఉత్తరాయణం వచ్చాక తాత వెళ్లిపోయాడు.

మా మేనత్త మంచాన పడ్డప్పుడు ఈ మూడో సంగతి నాకు పదేపదే గుర్తొచ్చేది. క్యాన్సర్ ఎముకలకు పాకింది. ఒక ఆస్పత్రిలో ‘చేసేదేం లేదు, ఇంటికి తీసుకెళ్లండి’ అన్నారు. నాకు కోపమొచ్చింది ఆ మొదటి మాట మీదే. చేయాల్సింది చాలా ఉందని తర్వాత ఇంటికొచ్చిన పాలియేటివ్ కేర్ నర్సమ్మను చూశాక తెలిసింది. ఆవిడ ముందు మంచం పక్కన కూర్చుంది. ‘నొప్పి పదికి ఎంతుంటుందమ్మా?’ అని అడిగింది. ముప్పయ్యేళ్లు పంతులమ్మగా మార్కులు వేసిన మా అత్త, ‘పదికి పన్నెండు’ అంది.

డాక్టరు మార్ఫిన్ మాత్రలు రాశారు, నాలుగు గంటలకొకటి. మలబద్ధకం చేస్తుందని దానికి మందు కూడా అప్పుడే ఇచ్చారు. మంచం పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం, ఎండిన పెదాలను తడి దూదితో అద్దడం నర్సమ్మ మా వదినకు చేసి చూపించింది. ‘మార్ఫినా? అయితే ఆశ వదిలేసుకున్నట్టే’ అన్నారు చూడ్డానికొచ్చిన చుట్టాలు. ఒకాయన ఇంకో అడుగు ముందుకేసి, కర్మ అనుభవిస్తేనే గదా తీరేది అన్నాడు. కర్మ సంగతి కృష్ణుడికి తెలియనిదా! అయినా ముందు నొప్పి తీశాడు.

మార్ఫిన్ అంటే ఆ భయం ఊరికే రాలేదు. 1985లో వచ్చిన మత్తుమందుల చట్టం దుర్వినియోగాన్ని అరికట్టే తొందరలో, మందుగా వాడేవాళ్లకూ దాన్ని అందని పండు చేసింది. 2014లో సవరించాకే దారి కాస్త సుగమమైంది. కోజికోడ్‌లో 1993లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు మొదలుపెట్టిన పాలియేటివ్ కేర్ పని కేరళలో ఇంటింటి సేవగా ఎదిగింది. మన హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రిలోనూ ఈ విభాగం ఉంది.

ఇదంతా ఆఖరి వారానికి, క్యాన్సర్‌కి మాత్రమే అనుకోవడం కూడా పొరపాటే. గుండె బలహీనపడి ఆయాసపడే తాతకు, కిడ్నీలు చెడిన అమ్మమ్మకు, మతిమరుపు ముదిరిన పెద్దాయనకు అసలు వైద్యం సాగుతుండగానే ఇదీ అందాలి. లండన్‌లో 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ మొదట నర్సు, తర్వాత డాక్టరు. నొప్పి ఒంట్లోనే ఉండదని, మనసులో, సంసారంలో, దేవుడితో లెక్కల్లో కూడా ఉంటుందని ఆమె గుర్తించారు. మా అత్తకూ ఓ లెక్క మిగిలింది. ఆస్తి గొడవలో ఇరవయ్యేళ్లుగా మాట్లాడని తమ్ముడు. పదికి పన్నెండు నొప్పిలో ఆయన పేరే ఎత్తలేదు. పదికి మూడుకు దిగిన రోజు, ‘వాణ్ణి ఓసారి రమ్మనరాదూ’ అంది. ఆయనొచ్చాడు. ఇద్దరూ ఆస్తి ఊసెత్తలేదు, చిన్నప్పటి మామిడితోపు గురించే మాట్లాడుకున్నారు.

మర్నాడు పొద్దున నేను పక్కన కూర్చుని సహస్రనామం చదువుతున్నాను. నెల రోజులుగా ఆవిడ వినడానికి కూడా ఓపిక లేక మూలుగుతూ ఉండేది. ఆరోజు కళ్లు మూసుకుని కదలకుండా పడుకుంది. నిద్రపోయిందనుకుని కాస్త వేగం పెంచాను.

‘ఒరేయ్, ఓ శ్లోకం మింగేశావు’ అంది.

వెనక్కి వెళ్లి మళ్లీ చదివాను.