నిమ్మకాయ పక్కనున్న అంకె

విజయదశమి నాడు పికప్ బండిని కడిగి, పసుపు రాసి, బంతిపూల దండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెడతారు. కొబ్బరికాయ కొట్టాక డ్రైవర్ బండిని మెల్లగా ముందుకు పోనిస్తాడు. నిమ్మకాయలు చితుకుతాయి. వాటికి జానెడు పైన, టైరు పక్కగోడ మీద, సైజు అంకెల తర్వాత 104 అనో 112 అనో చిన్న అచ్చు ఉంటుంది. పూజ చేసిన ఇంట్లో దాన్ని చదివేవాళ్లు తక్కువ.

104 అంటే, సరిపడా గాలి ఉన్నప్పుడు ఆ టైరు మోయగలిగేది 900 కిలోలు. 108కి 1000, 112కి 1120.

ఈ అంకె దాటడం పాపమా? రబ్బరుకు ప్రాణం లేదు కదా అనిపిస్తుంది. కానీ భారాన్ని ధర్మం తూకంలో పెట్టినవాళ్లు మన దేశంలో ఎప్పుడో ఉన్నారు. జైనాచార్యుడు ఉమాస్వాతి తత్త్వార్థసూత్రంలో గృహస్థుల అహింసా వ్రతాన్ని చెడగొట్టే తప్పులు ఐదు చెప్పాడు. కట్టివేయడం, కొట్టడం, అవయవాలు కోయడం, తిండీ నీళ్లూ ఆపడం. వీటి సరసనే అతిభారారోపణం, అంటే మోయగలిగినదాన్ని మించి బరువు మోపడం. కొరడా పట్టనివాడు కూడా ఇంకో నాలుగు బస్తాలు వేయించినందుకే వ్రతం తప్పినట్టు.

అదే గ్రంథం హింసను ప్రమాదంతో ముడిపెట్టింది. అక్కడ ప్రమాదమంటే ఏమరుపాటు. ఆ మాటే ఈనాటి తెలుగులో యాక్సిడెంటుకు పేరైంది. రోడ్డు మీద జరిగేదానికీ, బయల్దేరే ముందు మనసులో జరిగేదానికీ ఉన్న చుట్టరికం ఇంత సూటిగా చెప్పే మాట మరొకటి దొరకదు.

బరువులాగే పశువుల కోసం 1965లో వచ్చిన కేంద్ర నిబంధనలు ఎద్దు సైజును, బండి చక్రాలను బట్టి బరువుకు హద్దు పెట్టాయి. 37 డిగ్రీలు దాటే ఎండలో మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా పశువును బండికి కట్టకూడదన్నాయి. టైరుకూ వేడే శత్రువు. బరువెక్కువై గాలి తక్కువైతే పక్కగోడ తిరిగిన ప్రతి చుట్టులోనూ నలుగుతుంది, లోపల వేడి పెరుగుతుంది, పొరలు విడిపోతాయి. ఎద్దయితే మోకాళ్ల మీద కూలబడి చెబుతుంది. టైరు పేలేదాకా చెప్పదు.

బండి వెనక్కి కుంగుతోందని చాలామంది అదనపు కమాన్ పట్టీలు వేయిస్తారు. బండి నిటారుగా నిలబడుతుంది, యజమాని కంటికి బరువు కనబడకుండా పోతుంది. టైరు మీది అంకె మాత్రం మారదు. ఇది తనను తాను మోసగించుకోవడమే. దాని ఫలితం రబ్బరుది కాదు, బస్తాల పైన కూర్చున్న కూలీలది, ఎదురొచ్చే బైకువాళ్లది.

లెక్క కష్టమేం కాదు. వెనక రెండు టైర్లూ 104 అయితే ఆ ఇరుసు మీద 1800 కిలోలకు మించకూడదు. ఖాళీ బండి బరువే అక్కడ 700 పడుతుందనుకుంటే మిగిలేది 1100. బండి పుస్తకంలో రాసిన హద్దు అంతకన్నా తక్కువైతే దానికే కట్టుబడాలి. సరుకు వేశాక కాటా మీద వెనక చక్రాలను మాత్రమే ఆపి తూయిస్తే ఎంత పడుతోందో తెలుస్తుంది. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉండగా చూసుకోవాలి. దసరా నాడు పసుపు రాసే చెయ్యి ముందు ఆ అచ్చు మీది బురద తుడిస్తే, అంకె చదవడానికి క్షణం పట్టదు.