ఖాళీ గిన్నె

మా రాజమండ్రిలో ఇరుగుపొరుగు గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. పక్కింటివాళ్లు పులుసు పంపితే, ఆ గిన్నె కడిగి, అడుగున ఇంత పంచదారైనా వేసి పంపిస్తారు. ఈ చిన్న మర్యాద వెనక ఎంత పెద్ద ధర్మం ఉందో నలభై దాటేదాకా నాకు తెలియలేదంటే నవ్వకండి.

మా ఎదురింటి మామ్మగారు ఒంటరి. ఎనభై దాటాయి. కొడుకులిద్దరూ అమెరికాలో. ఆదివారం ఆదివారం ఫోనులో మొహాలు కనిపిస్తాయి. మిగిలిన ఆరు రోజులూ గోడలే. కిందటి వర్షాకాలం పెరట్లో జారిపడితే ఆవిడ మణికట్టు బెణికింది. "మీరు పొయ్యి వెలిగించకండి మామ్మగారూ, నేను చూసుకుంటాగా!" అని పూటపూటా క్యారేజీ మొదలుపెట్టాను. స్వయంగా పట్టుకెళ్లేదాన్ని. వీధి దాటే ఆ నాలుగడుగుల్లో నా మీద నాకే బోలెడు గౌరవం కలిగేది.

క్యారేజీ తిరిగొచ్చేటప్పుడు అందులో రెండు కరివేపాకు రెబ్బలో, గుప్పెడు సన్నజాజులో ఉండేవి. ఒకరోజు చెప్పేశాను: "ఎందుకండీ ఈ అవస్థ? నాకేమీ అక్కర్లేదు."

మర్నాటి నుంచి ఆవిడకి ఆకలి తగ్గిపోయింది. "ఈ పూటకి వద్దమ్మాయ్, అటుకులు తిన్నాను" అనేవారు గుమ్మంలోంచే. వారం తిరిగేసరికి తలుపు సగమే తెరుచుకునేది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంత చేస్తే ఇదా!

మా పనిమనిషి అంట్లు తోముతూ అంది: "ఆవిడిచ్చింది మీరు వద్దన్నారు. మీరిచ్చేది ఆవిడ వద్దంటన్నారు. సరిపోయిందిగా అమ్మగారూ!"

ఆ రాత్రి నిద్ర పట్టక డొక్కా సీతమ్మగారిని తలుచుకున్నాను. కోనసీమలో లంకల గన్నవరాన, వేళాపాళా చూడకుండా వచ్చిన బాటసారికల్లా వండి పెట్టిన తల్లి (1841-1909). ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకోత్సవానికి పిలుపొస్తే వెళ్లలేదని చెబుతారు. 2024లో మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరే పెట్టారు. పెట్టిన చేతిని ఇన్నేళ్లుగా తలుచుకుంటున్నాం, సబబే. మరి తిన్న చెయ్యి సంగతో?

ఆ బాటసారి తిని, దణ్ణం పెట్టి, తన దారిన పోయాడు. రుణం ఆ గుమ్మంలోనే తీరింది. పొరుగుమనిషి ఎక్కడికి పోతుంది? తెల్లారి ముగ్గు వేస్తూ మళ్లీ మన మొహమే చూడాలి. రోజూ పుచ్చుకునే చెయ్యి రోజుకింత కిందికి వంగుతుంది. బాటసారికి అన్నం చాలు. పొరుగువాళ్లకి అన్నంతోబాటు తిరిగి ఇచ్చే హక్కూ ఉండాలి. నేను అన్నం పెట్టి ఆ హక్కు లాక్కున్నాను.

మర్నాడు క్యారేజీతోబాటు నా నవల కాగితాలూ పట్టుకెళ్లాను. "పాతకాలం ఐదురోజుల పెళ్లి రాశాను మామ్మగారూ. తప్పులుంటాయని భయం. కాస్త చూసిపెట్టరూ?" నిజం చెప్పొద్దూ, తలుపు తెరిపించడానికి వేసిన ఎత్తు అది! కానీ మూడోనాడు కాగితాలన్నీ దిద్దుబాట్లతో తిరిగొచ్చాయి. "నాగవల్లి మొదటిరోజే చేయించేశావేమే! పెళ్లి నువ్వెప్పుడైనా చూశావా?" అని చివాట్లు కూడాను. ఆవిడ చెప్పిందే నిజం. నా ఎత్తు నాకే సిగ్గనిపించింది. ఆవిడ సాయం నాకు నిజంగానే అవసరం, అడగడమే తెలియలేదు.

ఒంటరివాళ్లకు సాయపడదామని బయల్దేరే నాలాంటివాళ్లం, ఏం పట్టుకెళ్లాలా అని ఆలోచిస్తాం. ఏం అడిగి తెచ్చుకోవాలా అని కూడా ఆలోచించాలేమో.

నిన్న క్యారేజీ వచ్చింది. అడుగు గిన్నెలో పంచదార, దానిమీద ఓ చీటీ: "వంకాయలో ఉప్పెక్కువైంది."

ఎంత సంతోషమేసిందో! అంత ధీమాగా వంకపెట్టారంటే, మామ్మగారు మళ్లీ నా పొరుగుమనిషి అయినట్టే.