పెన్సిలు ఉత్తరం

కాకినాడ

చిరంజీవి చిన్నాకు,

పిల్ల హాంబర్గ్‌లో చదువుతోందని మీ నిశ్చితార్థం నాడు తెలిసింది మొదలు వాండ్స్‌బెక్ అన్న పేరు నన్ను వదలడం లేదు. ఇప్పుడది హాంబర్గ్‌లో కలిసిపోయింది గానీ, అప్పట్లో పక్కనుండే వేరే ఊరు. మార్తా బెర్నేస్ అనే యూదుల పిల్ల 1883లో తల్లి వెంట వియన్నా వదిలి అక్కడికి వెళ్లింది. అంతకు ఏడాది ముందే, 1882 జూన్‌లో, చేతిలో చిల్లిగవ్వ లేని ఒక కుర్ర డాక్టరుకు మాటిచ్చింది. ఆ డాక్టరే సిగ్మండ్ ఫ్రాయిడ్.

ముప్పయ్యేళ్లు బి.ఎడ్. పిల్లలకు ఆయన సిద్ధాంతాలు చెప్పి జీతం తీసుకున్నవాణ్ని. కలల గురించి చెప్పాను, అణచుకున్న కోరికల గురించి చెప్పాను. ఆయన ఉత్తరాల సంగతి మాత్రం రిటైరయ్యాకే తీరిగ్గా చదువుకున్నాను. చదివి రెండు రోజులు అన్నం సహించలేదు. ఎందుకో తర్వాత చెబుతాను.

పెళ్లికి డబ్బు అడ్డం. ఆస్పత్రిలో చిన్న ఉద్యోగం, పైన అప్పులు. నాలుగేళ్ల మూడు నెలలు ఆగారు. అందులో మూడేళ్లకు పైగా ఆయనొక చోట, ఈమె ఇంకో చోట. ఆయన ఒక్కడే తొమ్మిది వందలకు పైగా ఉత్తరాలు రాశాడు. ఇద్దరివీ కలిపితే పదిహేను వందలు దాటాయి. 2011 నుంచి జర్మన్‌లో ఐదు సంపుటాలుగా అచ్చువేస్తూ వచ్చారంటే ఎంత రాసుకున్నారో చూడు.

ముద్దూ మురిపెమూ బోలెడు. దాంతోపాటే అనుమానమూ. చుట్టాలబ్బాయి మాక్స్ తాను కట్టిన పాటలు పాడి వినిపిస్తే మార్తా సంబరపడిందని తెలిసి ఈయన ఉడికిపోయాడు. అతన్ని పేరుపెట్టి పిలవొద్దు, మర్యాదగా ఇంటిపేరుతో పిలువు అన్నాడు. మంచు మీద జారే ఆటకు వెళ్లనా అని ఆమె అడిగితే వద్దన్నాడు, ఎవరి చేయైనా పట్టుకోవలసి వస్తుందని! మూడు రోజులకు మెత్తబడి, ఒంటరిగా వెళ్తానంటే సరే అన్నాడు.

అన్నిటికన్నా నన్ను పట్టుకున్నది పెన్సిలు ముచ్చట. మార్తా తాతగారు ఐజాక్ బెర్నేస్ హాంబర్గ్ యూదులకు ప్రధాన మతగురువు. వాళ్ల ఆచారంలో శుక్రవారం పొద్దుగూకిన దగ్గర్నుంచి శనివారం చీకటి పడేదాకా సబ్బాతు. రాయడం కూడా పని కిందే లెక్క, కలం ముట్టకూడదు. తల్లి నిష్ఠాపరురాలు. ఆవిడ ఎదుట సిరాబుడ్డి తీయలేక ఈ పిల్ల తోటలోకి పోయి పెన్సిలుతో రాసేది. తల్లిని ఎదిరించలేని పిరికితనమని ఫ్రాయిడ్ దెప్పాడు. నాకైతే ఆ పిల్ల ప్రేమంతా ఆ పెన్సిలు ముక్కలోనే కనబడుతుంది. అమ్మ మనసు నొప్పించలేదు, ఉత్తరం మానలేదు. అమ్మ పక్షమో నా పక్షమో తేల్చుకో అని ఆయన ఎంత పోరినా తల్లిని వదులుకోలేదు కూడా.

ఆయన దుర్మార్గుడేం కాదురా. 1885లో పద్నాలుగేళ్ల కాగితాలు తగలబెట్టాడు, ఆమె ఉత్తరాల జోలికి మాత్రం పోలేదు. కానీ 1886 సెప్టెంబరులో పెళ్లయింది, కాపురానికొచ్చిన మొదటి శుక్రవారమే సబ్బాతు దీపాలు వెలిగించొద్దన్నాడు. ఆయనకు దేవుడంటే పడదు. ఆ బాధ ఎంతటిదో తర్వాత ఒక చుట్టపమ్మాయితో చెప్పుకుంది మార్తా. 1939లో లండన్‌లో ఆయన పోయాక మళ్లీ వెలిగించింది. మధ్యలో యాభై మూడేళ్లు.

ఇక నా సంగతి. 1969లో మీ మామ్మతో తాంబూలాలు పుచ్చుకున్న నెలకే మా నాన్నగారు పోయారు. ఏడాది తిరిగేదాకా శుభకార్యం వద్దన్నారు. నేను ఆదిలాబాద్‌లో, ఆవిడ భీమవరంలో. మొదట్లో ఆవిడ ఉత్తరాలు చూడాలి! గేదె ఈనిన సంగతి, పక్కవీధి తగాదా, చెల్లెలి జడకుచ్చులు, అన్నీ రాసేది. ఒకసారి వాళ్ల బావ అందర్నీ సినిమాకు తీసుకెళ్లాడని రాసింది. నేను నాలుగు పేజీల ప్రశ్నలు పంపాను, నంబర్లు వేసి మరీ. నంబర్ల వారీగా జవాబులొచ్చాయి. ఆ తర్వాత వచ్చినవన్నీ ఒకే తీరు: ఇక్కడ అంతా క్షేమం, వానలు పడుతున్నాయి. పిల్ల దారికొచ్చిందని మురిసిపోయాను, వెర్రివెధవని.

మామ్మ ఎలా పోయిందో నీకు గుర్తే, అప్పటికి నువ్వు ఆరో తరగతి. రొమ్ములో గడ్డ ఎనిమిది నెలలుగా ఉందని పక్కింటావిడకు తెలుసు. నాకు తెలియదు. ఆస్పత్రి మంచం దగ్గర కూర్చుని, నాతో ఎందుకు చెప్పలేదే అన్నాను. “మీరు సవాలక్ష అడుగుతారుగా” అంది. విసుగు కూడా లేదు ఆ గొంతులో.

మా రోజుల్లో కోపంగా ఉత్తరం రాసినా పోస్టు డబ్బా దాకా నడవాలి. సగం దారిలో చల్లారేది. (నాది చల్లారలేదు, అది వేరే సంగతి.) మీకు ఆ నడక కూడా లేకుండా పోయింది. చదివిందో లేదో నీలం గీతలు చెబుతాయి, ఎక్కడుందో మ్యాపు చెబుతుంది. దొంగను పట్టుకునే సరంజామా అంతా పెట్టుకుని దాన్ని ప్రేమంటున్నారు. సంక్రాంతికి వచ్చినప్పుడు డాబా మీద నువ్వు ఫోన్లో “ఎవరెవరు వెళ్లారు” అని ఎన్నిసార్లు అడిగావో లెక్కపెట్టలేదు. కింద అరుగు మీద పడుకోవడం నా తప్పు.

సరే, చెప్పింది చెయ్యి. ఆ లొకేషన్ చూపించేది ఈ రాత్రికే తీసెయ్, ముందు నీది తీసి తర్వాత తనదీ తీసెయ్యమను. డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగింటికే చీకటి. నలుగురితో కలిసి ఇంటికొస్తే సంతోషించు, పేర్లు అడక్కు. తను వాళ్లమ్మకు డబ్బు పంపుతోందని మీ అమ్మ గొణుగుతోంది. దానికి నువ్వు తలూపకు, పెళ్లయ్యాక కూడా పంపుతుందని ఇప్పుడే అమ్మతో చెప్పు. పెళ్లి తర్వాత ఏవి మానడం తనకు ఇష్టం లేదో అడిగి, చెప్పింది విను, మధ్యలో నోరు తెరవకు. ఇది నీ వల్ల కాదనిపిస్తే ముహూర్తం పెట్టకముందే ఆ పిల్లతో ఆ మాట చెప్పెయ్.

వీసాకు అప్లై చేసి ఒకసారి వెళ్లి చూసిరా. టిక్కెట్టుకు చెక్కు ఈ కవర్లోనే పెట్టాను. మూడు నెలల తర్వాత చెల్లదు. మీ నాన్నకు చెప్పకు.

మీ తాతయ్య