చెవికీ ఎంగిలి ఉంటుంది

పోయిన నెల కండ్లకోయలో మా అక్క ఇంటికి వెళ్లాను. ఔటర్ రింగు రోడ్డు, నాగపూర్ హైవే కలిసే ఆ చోట ఇప్పుడు ఎటు చూసినా ఇంజనీరింగు కాలేజీలు, హాస్టళ్లు, అపార్టుమెంట్లే. మధ్యలో పాత ఊరు ఇంకా కాస్త మిగిలి ఉంది. సాయంత్రం ఏడున్నర అయింది. హాల్లో టీవీ మోగుతోంది. నేను టీ తాగుతున్నాను. అక్క మనవరాలు, మూడో తరగతి పిల్ల, వంటింట్లోంచి చపాతీ కర్ర పట్టుకొచ్చింది. సోఫాలో పక్కింటి పిల్ల కూర్చుని ఉంది. వాళ్లిద్దరూ ఆడుకునే ఆట పేరు బ్రేకింగ్ న్యూస్. మా పాప ఆ కర్రను మైకులా నేస్తురాలి నోటి దగ్గర పెట్టి అడిగింది: "చెప్పండి, మీ మమ్మీ డాడీ ఎందుకు విడిపోయారు? అసలేం జరిగింది?"

ఇంట్లో "ఏమైంది, ఎందుకేడుస్తున్నవ్" అని చక్కటి తెలంగాణ మాట మాట్లాడే పిల్ల, ఆ ప్రశ్న మాత్రం అచ్చం యాంకరమ్మ భాషలో అడిగింది. పక్కింటి పిల్ల, వాళ్లమ్మ ఇద్దరే ఉంటారు. ఆ సంగతి వీధిలో అందరికీ తెలుసు. ఆ పిల్ల ఏడవలేదు. టీవీలో కారెక్కబోయే హీరోయిన్‌లా ముఖానికి చెయ్యి అడ్డం పెట్టుకుని "నో కామెంట్స్" అంది. ఏడ్చి ఉంటే నాకు కాస్త నయంగా ఉండేది.

"సిగ్గులేదే, అట్లడుగుతరా?" అని అక్క మనవరాలి వీపు మీద ఒక్కటి వేసింది. టీవీ మాత్రం ఆపలేదు. పాప ఊరుకోలేదు. "నువ్వు రోజూ గదే చూస్తవ్ గద నానమ్మా!" అంది.

మన ఇళ్లల్లో ఎంగిలి పట్టింపు ఎంతో చెప్పక్కర్లేదు. ఒకరు కొరికిన జామకాయ ఇంకొకరికి పెట్టం. చెంబు ఎత్తిపెట్టి నీళ్లు తాగమని పిల్లలకు మాటలు రాకముందే నేర్పుతాం. నోటికి ఇంత మడి కట్టిన మనం చెవిని మాత్రం వీధి గుమ్మంలా తెరిచి పెట్టేశాం. ఎవరింట్లోనో పుట్టి, పది నోళ్లలో నలిగి, ఉప్పూకారం అద్దుకుని వచ్చిన మాట ఎంగిలి కాక మరేమిటి? పెద్దవాళ్లం అరిగించుకుంటామని అనుకుందాం. ఎనిమిదేళ్ల చెవికి అది మొదటి ముద్ద.

గీత పదహారో అధ్యాయంలో కృష్ణుడు దైవీ సంపద అంటే ఏమిటో వరుసగా చెబుతాడు. అహింస, సత్యం, శాంతి అనే పెద్ద పెద్ద మాటల నడుమ 'అపైశునం' అని ఒక చిన్న మాట ఉంది. మనం దాన్ని గబగబా చదివేసి దాటిపోతాం. పైశునమంటే ఒకరిలోని రంధ్రాన్ని మరొకరికి చూపించడమని శంకరులు వివరించారు. ఆ పని చెయ్యకపోవడం అపైశునం. అహింస పక్కన దాన్ని ఊరికే కూర్చోబెట్టలేదు. రంధ్రం వెతికే కన్ను కెమెరాకు ఉన్నా, తలుపు సందులోంచి చూసే పొరుగింటాయనకు ఉన్నా పని ఒకటే.

2018 ఫిబ్రవరిలో శ్రీదేవి దుబాయిలో కన్నుమూసినప్పటి సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. హోటల్ స్నానాలతొట్టిలో ఆమె ఎలా పోయి ఉంటుందో చూపించడానికి మన తెలుగు చానలు విలేఖరి ఒకాయన తానే ఒక తొట్టిలో పడుకుని చూపించాడు. 'బడిపంతులు'లో తాతయ్యకు ముద్దుల మనవరాలిగా మన ఇంటిల్లిపాదికీ దగ్గరైన పిల్ల ఆవిడ. ఆ ఇంటిల్లిపాదీ కూర్చుని ఆమె చావును ఆటలా చూశాం. 2021 అక్టోబరులో సమంత తన విడాకుల గురించి నోటికొచ్చినట్టు మాట్లాడిన యూట్యూబు చానళ్ల మీద కూకట్‌పల్లి కోర్టుకెక్కవలసి వచ్చింది. ఆ వీడియోలు తీసెయ్యమని కోర్టు చెప్పింది. కండ్లకోయకు కూకట్‌పల్లి ఎంతో దూరం కాదు. 2024 డిసెంబరులో జల్‌పల్లిలో మంచు వారింటి తగాదా గేటు బయటి నుంచి గంటల తరబడి ప్రత్యక్ష ప్రసారమైంది. ఆ గొడవలో ఒక విలేఖరి గాయపడ్డాడు కూడా. తండ్రీకొడుకుల మాటపట్టింపు మనకు కొత్త కాదు, ప్రతి ఊళ్లోనూ ఉన్నదే. అన్నం తింటూ దాన్ని చూడడం కొత్త.

(ఈ పేర్లు రాస్తుంటే నాకూ కాస్త సిగ్గుగానే ఉంది. వాళ్ల కష్టాన్ని నేనూ మళ్లీ ఒకసారి వడ్డిస్తున్నట్టే.)

చట్టం లేక కాదు. కేబుల్ టీవీకి 1994 నుంచే నియమావళి ఉంది. పరువు తీసే మాటలు, చాటుమాటు సూచనలు, అర్ధసత్యాలు ప్రసారం చెయ్యకూడదని అందులో ఉంది. పిల్లలు చూడదగనివి పిల్లలు ఎక్కువగా చూసే వేళల్లో వెయ్యకూడదని కూడా ఉంది. అయితే గాసిప్‌లో బూతు ఉండదు, రక్తం ఉండదు. అందువల్ల అది పెద్దల కార్యక్రమం కింద లెక్కకు రాదు. ఏడున్నరకే, చపాతీలు ఒత్తే వేళకే వస్తుంది.

అర్ధసత్యం అంటే మనకు ధర్మరాజు గుర్తుకు రావాలి. అశ్వత్థామ పోయాడని గట్టిగా అని, ఏనుగన్న మాట గొంతులో నొక్కేశాడు. అంతదాకా నేలకు నాలుగు అంగుళాల పైన నడిచిన రథం అందరి రథాల్లాగే మట్టిలో దిగింది. చివరికి ఆ ఒక్క మాటకు ఆయన నరకం కూడా చూడవలసి వచ్చింది. ఇవాళ టీవీలో కింద పరుగెత్తే అక్షరాలు చూడండి: "విడిపోతున్నారా?" "మళ్లీ ప్రేమలో పడిందా?" ఆ చివరి ప్రశ్నార్థకమే మన కాలపు ఏనుగు. కోర్టులో అడిగితే, మేం అడిగాం గానీ అనలేదు కదా అంటారు. చదవడం కొత్తగా నేర్చిన పిల్లకు ముందు పదాలు కనబడతాయి. చివరి గుర్తు కనబడదు.

ఉత్తరకాండలో ఒక సాయంకాలం రాముడు స్నేహితులతో సరదాగా కూర్చుని, ఊళ్లో నా గురించి, సీత గురించి ఏమనుకుంటున్నారని అడుగుతాడు. వాళ్లలో భద్రుడనే అతను మొదట మంచి మాటలే చెబుతాడు. అన్నీ చెప్పమని రాముడు పట్టుబడతాడు. అప్పుడు కూడళ్లలో, అంగళ్లలో జనం అనుకునే మాట బయటికొస్తుంది. తెల్లవారేసరికి నిండు చూలాలు సీత అడవికి రథమెక్కింది. ఆ మాట అన్నవాళ్లెవరూ చెడ్డవాళ్లని వాల్మీకి రాయలేదు. పొద్దుపోక అనుకున్న మాటే అది.

ఆ మాట అడవికి పంపిన తల్లి కడుపున పుట్టిన పిల్లలిద్దరికి వాల్మీకి ఏం నేర్పాడు? ఆ కథే. దాచలేదు. సీత కష్టమంతా వాళ్ల గొంతులోనే పలికించాడు. పిల్లలకు దుఃఖం చెప్పకూడదని మన పెద్దలు ఏనాడూ అనుకోలేదు. కానీ పాటకు ప్రతిఫలం ఆశించవద్దని శిష్యులకు ముందే చెప్పి పంపాడా ముని. రాముడు 18 వేల బంగారు నాణేలు ఇవ్వబోతే, అడవిలో ఉండేవాళ్లం, బంగారం మాకెందుకన్నారు పిల్లలు. అదే కథ 1963లో 'లవకుశ'గా వచ్చినప్పుడు మా అమ్మ తరం హాల్లో కూర్చుని సీతతో పాటు ఏడ్చింది. మా పాప చూసే కార్యక్రమం కూడా ఒక ఇల్లాలి కష్టమే చెబుతోంది. చెప్పేవాడి కన్ను మాత్రం రేటింగు మీద ఉంటుంది. పిల్లకు ఏడుపు రాదు, ప్రశ్న వస్తుంది.

రాత్రి భోజనాల దగ్గర ఇదంతా అంటే అక్క ఒప్పుకోలేదు. అక్కకు పురాణం నాకంటే బాగా వచ్చు. "ఎంగిలి ఎంగిలంటవ్, శబరి ఎంగిలి రాముడు తినలేదా తమ్మీ?" అంది. నాకు వెంటనే జవాబు తోచలేదు. చేతులు కడుక్కుంటుంటే తోచింది. వాల్మీకంలో లేకపోయినా మనమంతా నమ్మే కథ అది. శబరి ప్రతి పండూ ఎందుకు కొరికింది? పులుపు తానుంచుకుని తీపి పెట్టడానికి. ఈ చానళ్లవాళ్లూ అన్నీ కొరికే చూస్తారు. తీపివి పక్కన పడేసి, పుల్లనివి ఏరి మన పళ్లెంలో పెడతారు. అక్క నవ్వింది గానీ, "పొద్దంతా ఒక్కదాన్నే ఉంట, నాకు గదొక్కటే తోడు" అంది. ఆ మాటకు నా దగ్గర శ్లోకం లేదు. పిల్ల నేర్చుకున్నది టీవీ దగ్గరేనని కోప్పడడం తేలిక. టీవీ ముందు ముసలితనం ఎందుకు ఒంటరిగా కూర్చుందో అడగడమే కష్టం.

మర్నాడు పొద్దున్నే అక్క, నేను, పాప ముగ్గురం దగ్గర్లోని అటవీ ఉద్యానం ఆక్సిజన్ పార్కుకు నడిచి వెళ్లాం. అడవి నీడన పాప లవకుశుల కథంతా అడిగి చెప్పించుకుంది. సీతమ్మ ఎక్కడికి పోయింది, వాళ్ల నాన్న వచ్చిండా అని పదిసార్లు అడిగింది. ఉన్నట్టుండి, "వాళ్లకు కూడ నాన్న ఇంట్ల లేడా?" అని ఆగింది. సాయంత్రం పక్కింటికి పోయి ఆ పిల్లకు అదే కథ చెప్పిందట. చపాతీ కర్ర పట్టుకెళ్లలేదని అక్క కోడలు ఫోనులో చెప్పింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా టీవీ కట్టేస్తున్నారు. ఆ గంటలో అక్క రోజుకో కథ చెబుతోంది. మొదటి వారం ఓర్చుకోలేక గోల చేసింది పాప కాదు, మా అక్క.