గొంతు ఎవరిది?

స్నోవైట్ పాడుతుంటే పిల్లలు బొమ్మనే చూస్తారు. గొంతు ఎవరిదని అడగరు. 1937 నాటి ఆ హాలీవుడ్ బొమ్మల సినిమాలో ఆ గొంతు ఏడ్రియానా కాసెలాటిది. మొత్తం పనికి ఆవిడకి ముట్టింది 970 డాలర్లు. తెరమీద మాత్రం పేరు పడలేదు. 'డిస్నీ లెజెండ్' అని ఆ సంస్థ ఆవిడని సత్కరించింది 1994లో! అప్పటికి ఆవిడకి డెబ్భై ఏళ్ళు దాటిపోయాయి.

"పని బాగుంటే చాలదూ, పేరెందుకోయ్?" అన్నారు మావారు. మొన్నొక చుట్టం భోంచేసి, "మీ ఇంటి గుత్తివంకాయ కూరకి సాటి లేదండీ" అని ఆయన్ని మెచ్చుకుంటే, వండింది నేనని చెప్పకుండా నవ్వి ఊరుకున్నారు లెండి!

పేరు కోరకపోవడం చేసినవాళ్ళ పెద్దమనసు. ఆ పేరు చెప్పకపోవడం మాత్రం చెప్పవలసినవాళ్ళ పెద్దమనసు కాదు కదా!